రుమాలు లేని కోయితూర్

కొట్నాక జైతును సౌదీలోని తబూక్‌లో జైతు అని పిలిచేవాళ్ళు లేరు. తోట వ్యవహారాలు చూసే సౌదీ పెద్దమనిషికి అతను "హిందీ". తమిళుడైనా, బీహారీ అయినా, ఆదిలాబాద్ అడవిలో పుట్టినవాడైనా ఆయనకు అందరూ హిందీలే. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఫోర్‌మన్ షాబాజ్‌కు అతను "ఆదిలాబాద్". జిల్లా పేరే మనిషి పేరైపోయింది. ఇక గదిలో పక్క మంచం మీద పడుకునే జగిత్యాల భూమేష్‌కు అతను "గోండు". "ఏ గోండూ, లెవ్వు, చాయ్ సల్లారుతున్నది" అని రోజూ పొద్దున్నే అతనే లేపుతాడు.

భూమేష్ మనసులో కల్మషం లేదు. తన రొట్టెలో సగం తుంచి పెట్టే మనిషి. బళ్ళో, బస్సులో, ఆఫీసులో అందరూ ఏమన్నారో తనూ అదే అన్నాడు. పేరు పెట్టేవాడు ఒకడు, మోసేవాడు ఇంకొకడు. పెట్టినవాడికి బరువు ఎలా తెలుస్తుంది? పైగా మన ఊళ్ళలో ఎవడికైనా మాట అర్థం కాకపోతే "ఏందిరా గోండోనిలెక్క చూస్తవ్" అంటారు కదా. ఆ మాట అన్నవాడు మరుక్షణమే మరిచిపోతాడు. విన్నవాడు నాలుగు పదులు దాటినా మరిచిపోడు.

జైతు మొదటిసారి ఆ పేరు విన్నది ఆశ్రమ పాఠశాలలో. అప్పటిదాకా తాను గోండునని అతనికి తెలియదు. అమ్మానాన్న చిన్నప్పుడే పోతే అన్న లచ్చు భుజాన ఎక్కించుకుని వాగు దాటించి బళ్ళో దింపాడు. సారు "గోండువేనా?" అని అడిగితే పిల్లాడు బిక్కమొహం వేశాడు. సెలవులకు ఇంటికొచ్చి అన్నను అడిగాడు. లచ్చు జొన్న గటక కలుపుతూ, "అది వాళ్ళు మనకు పెట్టిన పేరు. మనం కోయితూర్. అంటే మనిషి" అన్నాడు. మరి సారు ఎవరని జైతు అడిగాడు. "ఆయనా మనిషే. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమో" అన్నాడు లచ్చు, గటక మీంచి తల ఎత్తకుండానే.

కోయితూర్ అనే మాట కొండ నుంచి వచ్చిందని, కొండల్లో ఉండేవాళ్ళని అర్థమని చదువుకున్నవాళ్ళు కొందరంటారు. వాళ్ళ లెక్కలు వాళ్ళవి. జైతుకు అన్న చెప్పిందే వేదం. ఆ మాటకు మనిషి అనే అర్థం. ఇంకొకడు ఆ మాటతో పిలిస్తేనే తాను మనిషినని అతనికి అనిపించేది. తబూక్‌లో ఆ మాట తెలిసినవాడు ఒక్కడూ లేడు.

కోయితూర్‌లు ఇద్దరు దారిలో ఎదురుపడితే రాం రాం చెప్పుకున్నాక అడిగే మొదటి ప్రశ్న ఊరు గురించి కాదు, పని గురించి కాదు. నీకు ఎంతమంది దేవుళ్ళు? నాలుగా, ఐదా, ఆరా, ఏడా? జైతు వాళ్ళది ఆరు. ఎదుటివాడిదీ ఆరైతే, ఎన్నడూ ముఖం చూడనివాడైనా అన్నో తమ్ముడో అయిపోతాడు. వాళ్ళింట్లో పిల్లను అడగడం కూడా పాపం. అంకె వేరైతే సోయిరా, అంటే వియ్యపు వరస. అప్పుడు బావా అని వేళాకోళమాడొచ్చు, పిల్లనివ్వొచ్చు, పుచ్చుకోవచ్చు. ఆ ఒక్క అంకె తెలిస్తే ఏ ఊరికెళ్ళినా కూర్చోవడానికి ఒక మంచం, పిలవడానికి ఒక వరస దొరుకుతాయి. ఇక్కడ ఆ అంకె అడిగేవాడు లేక జైతుకు ఎవరూ ఏమీ కాకుండా పోయారు.

పని కష్టమని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఇసుక మధ్య గుండ్రంగా పరుచుకున్న ఆకుపచ్చ మళ్ళు, వాటి మీద చక్రాల మీద మెల్లగా తిరుగుతూ నీళ్ళు చల్లే పొడుగాటి పైపులు. బంగాళాదుంప, ఉల్లి, పశువులకు బర్సీం గడ్డి. పైపుల మూతులు పూడుకుపోతే తీయడం, మడి తడిసిందో లేదో చూడటం అతని పని. వ్యవసాయం తెలిసినవాడికి మట్టి ఎక్కడైనా మట్టే. మాటలే కరువు. ఇంటికి ఫోన్ చేస్తే భార్య రాజుబాయి గుట్ట ఎక్కితే తప్ప మాట తెగకుండా వినిపించదు. అందుకని గోండీలో మాట్లాడాలనిపించినప్పుడు అతను దుంప మొక్కలతో మాట్లాడేవాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. నోరు ఊరికే ఉంటే భాష తుప్పు పడుతుందని అతని భయం.

ఆ వానాకాలంలో లచ్చు పోయాడు. పత్తి చేలో కలుపు తీస్తుండగా పిడుగు పడింది. ఫోన్ చేసిన మేనల్లుడు మాట పెగలక ఏడుస్తుంటే జైతుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎండలో అలాగే నిలబడిపోయాడు. అక్కడ ఉండటానికిచ్చే ఇకామా కార్డు రెన్యువల్‌లో ఉంది, పాస్‌పోర్టు ఆఫీసులో ఉంది, సెలవు వచ్చే ఎండాకాలానికి గానీ రాదు. షాబాజ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అల్లా సబర్, అదే ఓర్పు, ఇవ్వాలన్నాడు, అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు. అన్న లేకుండా వాగు దాటని తమ్ముడు అన్నను సాగనంపడానికి వెళ్ళలేకపోయాడు. జైతుకు ఏడుపు కూడా రాలేదు. ఏడవాలన్నా పక్కన అదే ఏడుపు ఏడ్చే మనిషి ఒకరుండాలి.

వాళ్ళ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి పోతే అన్నదమ్ములు తలకు రుమాలు చుట్టరు, టోపీ పెట్టరు. ఎవరికీ రాం రాం చెప్పరు. అన్నీ అయ్యాక ఒక రోజు సోయిరా వచ్చి ఒక్కొక్కరి తలకు కొత్త రుమాలు కడతాడు. ఆ కట్టుతో మైల తీరుతుంది. అన్నదమ్ముడు కట్టకూడదు, అతనూ మైలలో ఉన్నవాడే కదా. ఆఖరి తమ్ముడి తలకు రుమాలు చుట్టేదాకా పోయినవాడు తమ దేవుళ్ళలో కలవడు. ఊరి పొలిమేర దగ్గరే, లోపలికీ బయటికీ కాకుండా, నిలబడి ఉంటాడని పెద్దల మాట.

ఊళ్ళో అందరి తలలకూ కట్టారు. మిగిలింది జైతు ఒక్కడు. ఊరి పెద్ద పట్లా గుట్ట ఎక్కి మరీ ఫోన్ చేశాడు. "అక్కడ ఎవడన్న కోయితూర్ ఉంటే చూడు. మన అంకె కాకుంటే చాలు, కట్టమను. లేకుంటే వచ్చేదాక గట్లనే ఉండు. లచ్చు నీకోసం ఆగుతడు, ఏం జేస్తం" అన్నాడు. ఆ రోజు నుంచి జైతు కళ్ళ ముందు అన్న నిలబడే ఉన్నాడు. వానలో, పొలిమేరలోని ఆ పత్తి చేను గట్టున, కాళ్ళు మార్చుకుంటూ.

ఊళ్ళో వానలు పడే ఆ నెలల్లో తబూక్‌లో మండుటెండలు, తలమీద ఏమీ లేకుండా పనిచేయడం ఆత్మహత్యతో సమానం. జైతు తల వంచుకుని చేశాడు. ఒక మధ్యాహ్నం పైపు దగ్గర కళ్ళు తిరిగి బర్సీం గడ్డిలో పడిపోయాడు. భూమేష్ పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు చల్లి, తన మెడలో ఉన్న ఎర్ర గళ్ళ రుమాలు తీసి, తడిపి అతని తలకు చుట్టాడు. జైతుకు తెలివి వచ్చింది. తల మీద బరువు తగిలింది. చెయ్యి పెట్టి చూసుకున్నాడు. మరుక్షణం ఆ రుమాలును లాగి దూరంగా విసిరికొట్టాడు.

"పిచ్చి లేసిందారా నీకు?" అన్నాడు భూమేష్.

"నువ్వు కట్టద్దు."

"ఎందుకు కట్టద్దు? నేను మనిషిని కానా?"

జైతు గడ్డిలోంచి లేచి కూర్చున్నాడు. పొలిమేరలో నిలబడ్డ అన్న గురించి జగిత్యాల వాడికి ఏ మాటల్లో చెప్పాలి? "నువ్వు మాకు ఏ వరసా కావు" అన్నాడు చివరికి. చెప్పదలచుకున్నది అది కాదు. నోటికి వచ్చింది మాత్రం అదే.

భూమేష్ మొహం మాడిపోయింది. రుమాలు ఏరుకుని, ఇసుక దులుపుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతను పొద్దున్న నిద్ర లేపడం మానేశాడు. గోండూ అని పిలవడం కూడా మానేశాడు. అంత చికాకు పెట్టిన ఆ పిలుపు లేకపోయేసరికి గది ఎంత పెద్దదో జైతుకు అప్పుడు తెలిసింది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేకపోవడం ఒక బాధ, పెట్టుడు పేరుతోనైనా పిలిచేవాడు లేకపోవడం ఇంకో బాధ. రెండో బాధను అతను చేజేతులా తెచ్చుకున్నాడు.

ఎండలు పోయి చలి వచ్చింది. తబూక్ చలి సంగతి మన వాళ్ళలో చాలామందికి తెలియదు. ఎడారంటే ఎప్పుడూ మండుతుందనుకుంటారు. అక్కడ పొద్దున్నే పైపుల మూతుల్లో నీళ్ళు గడ్డకడతాయి. అందరూ మంకీ టోపీలు, మఫ్లర్లు బిగించుకుని తిరుగుతుంటే జైతు ఒక్కడే చెవులు ఎర్రబడి వణుకుతూ తిరిగాడు. చూసినవాళ్ళు ఇతనికి మతి పోయిందనుకున్నారు.

తోట కూరగాయలు జెద్దాకు తోలే లారీ డ్రైవర్ దిలావర్‌ది కడప. అతనికి ఒక గుణముంది, ఎవరి కష్టమైనా పూర్తిగా వినేదాకా కదలడు. అతను అడిగితే జైతు మొత్తం చెప్పాడు. రెండు వారాల తర్వాత దిలావర్ లారీ దిగుతూనే కేకేశాడు.

"ఓ అన్నా! దొరికినాడు మీవోడు. జెద్దా షరఫియాలో లాల్ అహ్మద్ చాయ్ హోటలుకు శుక్రవారం శుక్రవారం వస్తాడంట. బిల్డింగులకు రంగులేసే పిల్లోడు. సమ్మయ్య అంట పేరు."

"గోండా?"

"కాదన్నా, కోయ అంట. ములుగు పక్క."

అక్కడే ఉన్న భూమేష్, చాలా రోజుల తర్వాత, జైతు వైపు చూడకుండానే నోరు విప్పాడు. "కోయలు వేరు, గోండ్లు వేరు. సర్టిఫికెట్ల గూడ వేరే ఉంటది. అంతదూరం పోయి ఏం జేస్తడు?"

అతను చెప్పింది నిజమే. కాగితం మీద వేరే. జైతు కూడా అంతే అనుకునేవాడేమో గానీ, చిన్నప్పుడు విన్న ఒక పాట అడ్డొచ్చింది. కోతలయ్యాక వాళ్ళ ఇంటికి వచ్చే ప్రధాన్ కథకుడు కీక్రీ అనే తీగల వాద్యం వాయిస్తూ వంశాల కథ పాడేవాడు. గోదావరి దగ్గర అన్నదమ్ములు విడిపోయారట. కొందరు ఎగువనే ఆగారు, కొందరు నీళ్ళ వెంట దిగువకు వెళ్ళారు. వెళ్ళినవాళ్ళను ఎవరు ఏ పేరుతో పిలిచినా, వాళ్ళలో వాళ్ళు ఏమని పిలుచుకుంటారో అదే అసలు సంగతని ఆ ముసలాయన తీగ ఆపి మరీ చెప్పేవాడు. ములుగు గోదావరి దిగువనే ఉంది. జైతు షాబాజ్ కాళ్ళావేళ్ళా పడి శుక్రవారంతో కలిపి ఇంకో రోజు సెలవు తీసుకున్నాడు. తబూక్ బజారులో తెల్ల రుమాలు ఒకటి కొని, మడత విప్పకుండా సంచిలో పెట్టుకుని దిలావర్ పక్కన లారీ ఎక్కాడు.

దారంతా బండలు, ఇసుక, మధ్యమధ్య పెట్రోలు బంకులు. దిలావర్ తన బిడ్డ అయేషా చదువు గురించి చెబుతూనే ఉన్నాడు. జైతు వింటున్నట్టు తలాడిస్తూ లోపల ఒకే లెక్క వేసుకుంటున్నాడు. నాలుగైనా మంచిదే. ఐదైనా మంచిదే. ఏడైనా మంచిదే. ఆరు ఒక్కటి కాకుంటే చాలు.

షరఫియా శుక్రవారం జాతరలా ఉంటుంది. నమాజు అయిపోగానే వీధులన్నీ మనవాళ్ళే. దర్జీ కొట్లు, ఇంటికి డబ్బు పంపే కౌంటర్లు, కేరళ హోటళ్ళు, హైదరాబాద్ బిర్యానీ వాసన, ఎవరి భాష వాళ్ళు గొంతెత్తి మాట్లాడుకునే గుంపులు. జెద్దాలో చలి లేదు, ఎండ చురుక్కుమంటోంది. లాల్ అహ్మద్ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి దిలావర్ చూపించి, సరుకు దింపాలంటూ వెళ్ళిపోయాడు. పాతికేళ్ళ పిల్లవాడు. గోళ్ళ సందుల్లో తెల్ల రంగు, నెత్తిన నీలం కంపెనీ టోపీ.

జైతు ఎదురుగా కూర్చున్నాడు. "సమ్మయ్యవు నువ్వేనా? కోయోళ్ళ పిల్లగానివట."

కుర్రాడి మొహంలో రంగు మారింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవలు చెప్పిండ్రు నీకు? నాది వరంగల్. నేను కోయ గీయ ఏం కాదు." చాయ్ గ్లాసు అలాగే వదిలి లేవబోయాడు.

జైతుకు ఆ తొందర బాగా తెలుసు. బస్సులో పక్కవాడు కులం అడిగినప్పుడు తానూ ఎన్నోసార్లు అలాగే లేచి నిలబడ్డాడు. ఈ పిల్లవాడు కోయోడా అనే మాటను ఏ బళ్ళో, ఏ వెక్కిరింపుతో విన్నాడో. తనూ అదే మాటతో మొదలుపెట్టాడు. భూమేష్ మీద కోపం తెచ్చుకున్న మనిషి తాను చేసిందీ అదే.

"కూసో బిడ్డా, తప్పయింది. నేను అట్ల అడగకపోయేది ఉండె" అన్నాడు. "నేను జైతు. ఆసిఫాబాద్ అవతల మా ఊరు. నేను కోయితూర్."

సగం లేచిన సమ్మయ్య అలాగే ఆగిపోయాడు.

"ఏమన్నవ్?"

"కోయితూర్."

కుర్రాడు మెల్లగా కూర్చున్నాడు. "మా నాయినమ్మ అంటుండె ఆ మాట. మనం కోయితోర్ బిడ్డా అని. ఆమె పోయినంక మల్ల ఎవలూ అనంగ వినలే. నీకెట్ల తెలుసు?"

ఇన్నాళ్ళు దుంప మొక్కలతో చెప్పుకున్నదంతా ఒక్కసారి జైతు నోట్లోకి తోసుకొచ్చింది. గోండీలో గబగబా మాట్లాడేశాడు. అన్న గురించి, పిడుగు గురించి, చలి గురించి, ఏదేదో. సమ్మయ్య కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. చివరికి తలవంచి, "నాకు రాదన్నా. మా దిక్కు అందరం తెలుగే మాట్లాడుతం. ముసలోళ్ళకు వస్తది గని మాకు నేర్పలే" అన్నాడు.

జైతు బల్ల మీది నీళ్ళ గ్లాసు చూపించి, "ఏర్" అన్నాడు, కనీసం అదైనా తెలుసేమోనని.

"ఏర్. ఆ, నాయినమ్మ గూడ ఏరే అంటుండె!" సమ్మయ్య మొహం వెలిగింది. ఇల్లు చూపించడానికి అక్కడేమీ లేక జైతు చేతులతో కప్పు ఆకారం పెట్టి "రోన్" అన్నాడు. "మేం లోన్ అంటం" అన్నాడు పిల్లవాడు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఇద్దరికీ తెలిసిన మాటలు అయిపోయాయి. ఊరు కాని ఊళ్ళో, పెద్ద రద్దీలో, ఒక నీళ్ళ గ్లాసు ముందు పెట్టుకుని ఇద్దరు మనుషులు తెలుగులోకి దిగారు.

తెలుగులోనే జైతు అన్న సంగతి చెప్పాడు. రుమాలు సంగతి చెప్పాడు. పొలిమేరలో నిలబడ్డ మనిషి సంగతి చెప్పాడు. సమ్మయ్య నవ్వలేదు, ఎందుకని అడగలేదు. "నేను కడితే అయిపోతదంటే కడత. ఇటియ్యి" అని చెయ్యి చాపాడు.

జైతు సంచిలోంచి రుమాలు తీశాడు. ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. అదే అడగలేకపోయాడు. దారంతా వేసుకున్న లెక్క ఇక్కడికొచ్చేసరికి తలకిందులైంది. ఆరు కాకూడదు, ఆరైతే అన్న ఇంకా నిలబడే ఉంటాడు. కానీ ఎదురుగా ఉన్న ఈ రంగు గోళ్ళ పిల్లవాడు ఆరైతే బాగుండునని, తమ్ముడైతే బాగుండునని, లోపల ఎవరో ఏడుస్తున్నారు. రెండూ కావాలనుకుంటే కుదరదని తెలుసు. తెలిసినా మనసు వింటుందా?

"మీల ఎంతమంది దేవుళ్ళని అడుగుతరు కదా" అన్నాడు మెల్లగా. "నీది ఎంత?"

"గట్టా? మా దాంట్ల గట్టు అంటరు. మూడో గట్టు, ఐదో గట్టు అని ఏదో ఉంటది." సమ్మయ్య బుర్ర గోక్కున్నాడు. "నాదేందో యాదికి లేదు. అమ్మనడుగుత ఆగు."

ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ ఆన్ చేశాడు. ఏటూరునాగారం అవతల ఎక్కడో కోడి కూస్తున్న చప్పుడు ముందు వినిపించింది, తర్వాత అతని తల్లి చిట్టెమ్మ గొంతు.

"అమ్మా, మనది ఎన్నో గట్టే?"

"ఎందుకురా?" ఆమె గొంతు ఒక్కసారి మేల్కొంది. "ఎవల పిల్లనన్న చూసినవా ఏంది అక్కడ? అడగకుండ మాటియ్యకు. ముందు వాళ్ళదెన్నో గట్టో అడుగు!"

"పిల్ల లేదు గిల్ల లేదే. నువ్వు చెప్పు ముందు."

"ఆరో గట్టు. ఎన్నిసార్లు చెప్పిన నీకు? నెత్తిల పెట్టుకోవు."

జైతు కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తెరిచి, తెల్ల రుమాలును మళ్ళీ మడతల మీద మడత వేసి సంచిలో పెట్టాడు. "నాదీ ఆరే" అన్నాడు. "నువ్వు కట్టరాదు తమ్మీ. తమ్ముడు కట్టరాదు."

సమ్మయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అవతల తల్లి "ఎవర్రా అది, ఏమంటున్నడు" అని అరుస్తోంది. కొడుకు రెండు ముక్కల్లో చెప్పాడు. ఇక్కడ ఒకాయన ఉన్నాడని, ఆయనదీ ఆరేనని, ఆయన అన్న పోయాడని, సాగనంపడానికి వెళ్ళలేకపోయాడని. అవతల కోడి మళ్ళీ కూసింది.

"ఫోన్ ఆయనకియ్యి" అందామె. ఫోన్ బల్ల మీదే ఉంది. జైతు దాని మీదికి వంగాడు.

"బిడ్డా, పోయిన పిల్లగాని పేరేంది?"

"లచ్చు."

"పెద్దోడా నీకు?"

"పెద్దోడమ్మా. నన్ను సాదిండు."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడగాల్సినదంతా ఆ అంకెలోనే తెలిసిపోయింది. ఒక దీర్ఘం తీసి ఏడుపు అందుకుంది. "ఓ నా కొడుకా లచ్చూ, ఏ దిక్కు పోయినవురా, నీ తమ్మున్ని దేశం కాని దేశంల ఇడిసిపెట్టి పోతివా కొడుకా..." అని, మనిషి శవం ముందు కూర్చుని ఏడ్చినట్టే ఏడ్చింది. లచ్చును ఆమె ఏనాడూ చూడలేదు. అతని ఊరి పేరు వినలేదు. వాళ్ళ భాషా వీళ్ళ భాషా ఒకటి కాకుండా పోయి ఎన్ని తరాలయిందో ఆ గోదావరికే తెలియాలి. అయినా ఆమె కొడుకు పోయాడు, ఆమె ఏడుస్తోంది. లెక్క అంతే.

జైతు వానాకాలం నుంచీ ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చాడు. చాయ్ గ్లాసులు మోసేవాళ్ళు ఆగి చూశారు, లాల్ అహ్మద్ కౌంటర్ దగ్గర నుంచి లేచి నిలబడ్డాడు. జైతు ఎవరినీ పట్టించుకోలేదు. అమ్మ పోయాక అతనికి తెలిసి తన ఇంటి చావుకు ఒక తల్లి ఏడవడం ఇదే మొదటిసారి.

ఏడుపు సద్దుమణిగి, ఆమె ముక్కు చీది, "నీ తమ్ముడు ఉన్నడు గద అక్కడ, ఒక్కనివే అనుకోకు" అని ఫోన్ పెట్టేసింది. జైతు కళ్ళు తుడుచుకుని తలెత్తాడు. ఎదురుగా సమ్మయ్య ఊరికే కూర్చుని ఉన్నాడు. నీలం టోపీ అతని నెత్తిన లేదు. బల్ల మీద, నీళ్ళ గ్లాసు పక్కన ఉంది. ఎప్పుడు తీశాడో జైతు చూడలేదు.

"తమ్మీ, ఎండల రంగులేసే పని నీది" అన్నాడు జైతు. "పెట్టుకో. నువ్వు తీయాల్సిన పన్లేదు."

"అన్న పోతె టోపీ పెట్టుకుంటరా?" అన్నాడు సమ్మయ్య. కోపంగానే అన్నాడు.

సాయంత్రం దిలావర్ లారీ హారన్ కొట్టేదాకా ఇద్దరూ షరఫియా వీధుల్లో తిరిగారు. పెద్దగా మాట్లాడుకోలేదు. ఎవరైనా నాలుగో ఐదో ఏడో అంకెవాడు సౌదీలో ఎక్కడ ఉండొచ్చో అనుకున్నారు. రియాద్‌లో ఉట్నూరు పిల్లవాడొకడు ఉన్నాడని ఎప్పుడో విన్నట్టు సమ్మయ్యకు గుర్తు, పేరు గుర్తులేదు. దొరికితే ఒకేసారి ఇద్దరి తలలకూ కట్టించుకుందామన్నాడు. లారీ కదిలాక జైతు అద్దంలోంచి వెనక్కి చూశాడు. ఆ జనంలో టోపీలు, అరబ్బులు తలకు చుట్టే గుత్రాలు, తెల్ల రుమాళ్ళు లెక్కలేనన్ని ఉన్నాయి. టోపీ లేని ఒక తల మాత్రం కొంతసేపు కనిపించి తర్వాత కలిసిపోయింది.

తబూక్ చేరేసరికి పొద్దున్నే అదే చలి. పైపుల మూతుల్లో అదే గడ్డ. అన్న ఇంకా చేను గట్టునే ఉన్నాడు, ఆ బాధ ఎక్కడికీ పోలేదు. గదిలో భూమేష్ చాయ్ కాస్తున్నాడు. రెండు గ్లాసులు పెట్టి ఉన్నాయి. చెవులు ఎర్రబడి, తల మీద ఏమీ లేకుండా గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అతనికి మాట్లాడకుండా ఉండటం చేతకాలేదు.

"కట్టలేదా?"

"కట్టలే. తమ్ముడయిండు."

భూమేష్‌కు అర్థమయీ కానట్టుంది. చాయ్ గ్లాసు అతని ముందుకు జరిపాడు. "మరి అంతదూరం ఊకెనే పోయి వస్తివా, జైతూ?"

జైతు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని వేడి తగిలించుకున్నాడు.

"ఊకెనే కాదే," అన్నాడు. "అక్కడొకడు టోపీ తీసిండు."